మా మేనత్త అడిగింది మంచు

మా మేనత్త పోయింది. పోయిన ఆదివారం పొద్దున్న కాఫీ కలుపుకుంటూ వంటింట్లోనే కూలిపోయిందట. నేను అమలాపురం చేరేసరికి ఇంటినిండా జనం. ఏడవడానికి కూర్చున్నానో లేదో, పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని, "ఊరుకోమ్మా, ఆవిడ అదృష్టవంతురాలు. స్విట్జర్లాండెళ్ళి మంచు కూడా చూసొచ్చేరు" అంది. మా నాన్న కళ్ళు తుడుచుకుంటూ, "చెల్లి కోరిక అదొక్కటీ తీర్చేనండి" అన్నాడు. నా ఏడుపు అక్కడే ఆగిపోయింది. ఒళ్ళు మండిపోయింది.

తీర్చలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అత్త హైస్కూల్లో సోషల్ చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. నేనూ ఆవిడ క్లాసులో చదివినదాన్నే. మా వైపు "ఆయ్" అంటే అవునని అర్థం, వింటున్నానని అర్థం, ఇక తమరు దయచేయండని కూడా అర్థం. ఆవిడ క్లాసులో ఆ మాట చెల్లేది కాదు. "అర్థమైందా?" అంటే "ఆయ్" అన్నవాణ్ణి లేపి నిలబెట్టేది. "ఆయ్ కాదురా, అవునో కాదో చెప్పు. తెలీకపోతే తెలీదను, కొంపలేం మునిగిపోవు" అనేది. ఆల్ప్స్ పాఠం వచ్చిందంటే మాత్రం గంట కొట్టినా ఆపేది కాదు.

రిటైరయ్యాక, తన పింఛనుతో చలికాలంలో ఆ ఆల్ప్స్ చూసొస్తానంది. నన్ను తోడు రమ్మంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. "వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాలు తిరిగితే పుణ్యమైనా వస్తుంది కదే" అన్నాడు నాన్న. ఆవిడ లెక్కచెయ్యలేదు. ఫోన్లో వెతికి వెతికి, కొండమీద బాగా ఎత్తున ఉన్న స్కీయింగ్ ఊరొకటి ఎంచుకుంది.

"ఎత్తునుంటేనే మంచు నిలుస్తుందన్నయ్యా. ఈమధ్య కిందూళ్ళలో డిసెంబర్లో కూడా వానే పడుతోందట. నేనేం స్కీయింగ్ చేస్తానా? కాళ్ళు దిగబడేలా నాలుగడుగులు వేస్తే చాలు."

డాక్టరుగారు నిక్షేపంగా వెళ్ళమన్నారు. నాన్న ఒప్పుకుంటేనా! "అంతెత్తున ఊపిరందక నీకేదైనా అయితే నలుగురూ నన్నంటారు" అన్నాడు. నన్నంటారట! ఆవిడ ఊపిరి గురించి కాదు బెంగ, తన పరువు గురించి.

ఆయన పట్టుకొచ్చిన టూర్ల పెద్దమనిషి అదే కొండ అడుగున, లోయలో ఉన్న ఊరు చూపించాడు. "మన తెలుగు గ్రూపేనండి. పప్పు, ఆవకాయ, అన్నీ పెడతారండి" అన్నాడు.

"మంచుంటుందా అండీ?" అంది అత్త.

"ఆయ్."

"ఆయ్ కాదండీ. ఉంటుందా, ఉండదా?"

"ఆయ్, ఎందుకుండదండీ, ఆల్ప్సు కదండీ!"

నాన్న కసిరాడు. "ఆ యక్షప్రశ్నలేంటే? ఇక్కడికైతే వెళ్ళు, లేదంటే మానెయ్."

అత్త చేతిలో ఫోను పక్కన పెట్టేసింది. "ఆయ్" అంది. ఎవరి దగ్గరా ఆ మాట ఒప్పుకోని మనిషి! అది నాకిప్పటికీ మింగుడుపడదు.

వెళ్ళాం. వాన! ఉన్నన్నాళ్ళూ వానే. పచ్చగడ్డి, బురద. పైకి తీసుకెళ్ళే కేబుల్ కార్లు గాలికి ఆపేశారు. గ్రూపువాళ్ళు హోటల్లో ఆవకాయ తింటూ అంత్యాక్షరి ఆడుకున్నారు. "వాన కోసం ఇంత దూరమెందుకే, కోనసీమలో కరువా?" అని అత్త నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చాక నాన్న అడిగితే, "బాగుందన్నయ్యా" అంది. ఆయన నొచ్చుకుంటాడట! ఈ మర్యాదలు తగలెయ్య. అత్తా, నీ మీద కూడా కోపమే నాకు. ఆ ఇంట్లో నిజం చెప్పడం నేర్పింది నువ్వే కదా.

తిరిగొచ్చే రోజు పొద్దున్న బస్సు దగ్గర నిలబడ్డప్పుడు మబ్బు కాస్త విడింది. పైన, చాలా పైన, అంతా తెల్లగా ఉంది. ఆ తెలుపులో చిన్న చిన్న ఇళ్ళ కప్పులు. "అదేనే నేను చెప్పిన ఊరు" అంది అత్త. చేతి గ్లవ్ తీసేసి, గొడుగు బయటికి అరచెయ్యి చాపింది. అందులో వాన పడుతోంది. గైడు బస్సెక్కమని మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.