ఒక్కదానివే పోయి రా

పోయిన నెల ఒక తెల్లవారుజామున అమ్మ ఫోన్ చేసి, "మన ఖాలా పోయింది బిడ్డా" అంది. రాత్రి తిని పడుకున్న మనిషి లేవలేదట. మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకుపోతారని, నిజామాబాద్ నుంచి ఇప్పుడు బయలుదేరినా నేను అందుకోలేనని చెప్పింది. అయినా బయలుదేరాను. వనపర్తిలో దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఖాలా ఇంట్లో కడిగిన నేల ఇంకా తడిగానే ఉంది. కుట్టుమిషను మీద ఎవరో తెల్లటి గుడ్డ కప్పారు.

నలుగురిలో లేచి ఆమె గురించి మాట్లాడమంటే నాకు రాదు. రాయడమైతే కొంచెం వచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

ఉర్దూలో నేను పిన్ని అనే అర్థంలో ఖాలా అని, అమ్మ అక్క అనే అర్థంలో ఆపా అని పిలిచినా, ఆమె మాకు చుట్టం కాదు. గోడ అవతలి ఇల్లు. అమ్మ ప్రభుత్వ దవాఖానలో నర్సు. నాన్న తిమ్మాజిపేట దగ్గర ఒక ఊరి బడిలో పంతులు. అక్కడే గది తీసుకుని శనివారాలు వచ్చేవాడు. కాన్వెంటు నుంచి వచ్చాక, అమ్మ డ్యూటీ దిగేదాకా నేను ఖాలా మిషను పక్కన కూర్చుని పుస్తకాలు చదువుకునేదాన్ని. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. జాకెట్లు, లంగాలు, పండుగలకు పిల్లల బట్టలు కుట్టేది. పని చేస్తూ ఉర్దూలో ఏదో సన్నగా పాడుకునేది. ఎవరైనా వింటున్నారని తెలిస్తే ఆపేసేది.

చాలా ఏళ్లుగా ఆమెతో మాట్లాడాలంటే కుడిపక్కన కూర్చోవలసి వచ్చేది. ఎడమ చెవి వినపడదు. నా చిన్నప్పుడు వినపడేది. అది ఎలా పోయిందో చివర చెబుతాను. ఆ సంగతి ముందే చెబితే మిగతావి చెప్పే ధైర్యం నాకు ఉండదు.

నేను మూడో తరగతిలో ఉండగా, అమ్మాయి క్లాసులో నోరు విప్పడం లేదని కాన్వెంటు సిస్టర్ అమ్మను పిలిచి చెప్పారు. ఆ సాయంత్రం అమ్మ ఖాలా గడపలో కూర్చుని బాధపడింది. ఖాలా మిషను తొక్కుతూనే విన్నది.

"ఏంది నర్సమ్మా, పిల్లకు నాలుక ఉన్నదా, మీ దవాఖానల కోసి పెట్టిన్రా?"

"నవ్వకు ఆపా. కొత్తోళ్లను చూస్తే బెదురుతది."

"చూపిస్తేగద కొత్తోళ్లు పాతోళ్లయ్యేది. రేపటి సంది దుకాణానికి నేను పంపిస్త."

"ఒక్కదాన్నా? చిన్నది ఆపా!"

"చిన్నది గనుకనే. పెద్దగైనంక ఆడపిల్లను ఎవరు పంపుతరు?"

మొదటి పని ఉప్పు ప్యాకెట్. ఆ రోజు బడికి సెలవు. సందు మలుపులోనే కొట్టు. నేను పెద్దవాళ్ల వెనక నిలబడ్డాను. నా వంతు వచ్చినా అడగలేదు. కొట్టతను మధ్యాహ్నం భోజనానికి తలుపులు మూసేశాడు. వట్టి చేతులతో తిరిగి వచ్చాను.

"లేదన్నడా?" అని అడిగింది ఖాలా. తల అడ్డంగా ఊపాను. "నువ్వు అడగలేదు. అంతేగద?" తిట్టలేదు. "అయితే ఇయ్యాల సప్పగనే తిందాం" అని, ఉప్పు లేని పప్పు నాకు పెట్టి తనూ అదే తిన్నది. ఇంట్లో ఉప్పు ఉందని నాకు తెలుసు. డబ్బా వైపు ఇద్దరమూ చూడలేదు. మర్నాడు నేను ఉప్పు అడిగాను.

తర్వాత పుదీనా, గిర్నీలో పట్టించిన జొన్నపిండి, కుట్టిన బట్టలు ఇచ్చి రావడం. అన్నిటికంటే కష్టమైనది దారం. జాకెట్టు గుడ్డ ముక్క చేతిలో పెట్టి దానికి సరిపోయే దారం తెమ్మనేది. "దుకాణంల లైటు కింద చూసి తేకు. బయటికి తెచ్చి ఎండల చూడు." అంటే, విసుగు మొహం వేసుకున్న దుకాణదారును ఆ దారపు రీలు బయటికి తీసుకుపోనివ్వమని అడగాలి. నచ్చకపోతే ఇంకొకటి అడగాలి. అదంతా నా నోటి కోసమని నాకు అప్పట్లో తెలియలేదు, రంగు కోసమే అనుకున్నాను.

పంపేటప్పుడు గడపలో నిలబడి ప్రతిసారీ ఒకే మాట చెప్పేది. "ఒక్కదానివే పోయి రా. దారిల ఎవరన్న అడిగితే ఉన్నది చెప్పు. తెల్వకపోతే తెల్వదని చెప్పు. అంతేగాని నోరు మూసుకొని నిలబడకు."

ఆమె ఇలా ఎందుకు పట్టుబట్టేదో ఒకసారి చెప్పింది. నేను అడగలేదు. ఏదో విప్పి మళ్ళీ కుడుతూ తనే చెప్పింది. పెళ్ళయి వనపర్తికి వచ్చిన ఎన్నో ఏళ్లకు ఒకనాడు భర్తకు గుండెలో నొప్పి వచ్చిందట. ఇంట్లో ఇద్దరే.

"దవాఖాన ఏ దిక్కుందో నాకు తెల్వదు బేటా. గదే ఊర్ల ఉన్న. ఎన్నడన్న బయటికి పోతే ఆయన ఎనక తల దించుకొని పోయిన, ఆయన మడిమలు చూసుకుంట. గా దినం దర్వాజల నిలబడ్డ. ఎవరన్న మొగోడు వస్తే చెప్పాలె అని. సందుల ఎవ్వరు రాలె."

అంతే చెప్పి దారం పళ్లతో కొరికింది. ఆ గడప మీద నుంచే ఆమె నన్ను రోజూ పంపుతున్నదని గుర్తొచ్చి నాకు భయం వేసింది.

ఆమె చేసిన మేలు చెప్పాలంటే చాలా ఉంది. ఇంటరుకు నాగర్‌కర్నూల్ బస్సులో ఒక్కదాన్నే పోయి వచ్చాను. తెలియని ఊళ్ళో గది అడిగి తీసుకున్నాను. ఇంటర్వ్యూలో నోరు మూసుకుని నిలబడలేదు. పోయిన పండుగకు చూడడానికి వెళితే మంచం మీద లేచి కూర్చుని, కుడి చెవి నా వైపు తిప్పి, "ఒక్కదానివే వచ్చినవా?" అంది. అవునన్నాను. "దారిల ఎవరన్న అడిగిన్రా?" అంది. ఎవరూ అడగలేదన్నాను. "అడగాలె. మంచిదే గద, అడిగితే" అని చేయి పట్టుకుంది. ఆమె మాట నేను వినడం అదే ఆఖరు.

ఇక ఆ రోజు సంగతి.

కృష్ణ నీళ్లు పైకి ఎత్తడానికి కొల్లాపూర్ దిక్కు కొండల్లో సొరంగం తవ్వుతున్న రోజులవి. తవ్విన సొరంగం తవ్వినట్టే కూలుతోందని, అది పసిపిల్లల తలలు అడుగుతోందని ఊళ్లలో మాట పుట్టింది. ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు బిచ్చగాళ్ల వేషంలో వస్తున్నారని ముందు అన్నారు. తర్వాత, మగవాళ్లే బుర్ఖా వేసుకుని వస్తున్నారని అన్నారు. బడిలో సగం మంది మానేశారు. మా సందులో పగలే తలుపులకు గొళ్ళేలు పడ్డాయి. గల్లీల్లో మగవాళ్లు కట్టెలు పట్టుకుని కాపలా కూర్చున్నారు. ఏ ఊరిలోనూ ఏ పిల్లా పోలేదు. అయినా రాత్రికి రాత్రి కట్టెలు ఎక్కువయ్యాయి.

అమ్మ వచ్చి చెప్పేసింది. "ఇగ పంపకు ఆపా. నీ కాళ్లు మొక్కుత."

"ఒక్కసారి భయపడి ఆపితే మల్ల గడప దాటది నర్సమ్మా. నాకెరుక గద."

"ఏమన్న అయితే?"

ఖాలా నన్ను నీళ్లు తెమ్మని లోపలికి పంపింది. నేను వచ్చేసరికి అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. "నీ ఇష్టం ఆపా" అంటోంది. ఏం మాట్లాడుకున్నారో ఆ రోజు నాకు చెప్పలేదు.

అది రంజాన్ నెల. పండుగ బట్టలు గుట్టగా ఉన్నాయి. ఆకుపచ్చ దారం అయిపోయింది. సాయంత్రం బడి నుంచి రాగానే ఖాలా గుడ్డ ముక్క నా చేతిలో పెట్టి, పాత బజారు దాకా పోయి రమ్మంది. మాట అదే చెప్పింది. తలుపు వేసుకుంది.

దారి పొడుగునా మనుషులు లేరు. నా చెప్పుల చప్పుడు నాకు వినిపిస్తోంది. కొంచెం దూరం పోయాక ఇంకో చప్పుడు కూడా వినిపించింది. నేను ఆగితే ఆగుతోంది. తిరిగి చూడలేదు. వేగంగా నడిచాను. మూతపడిన సినిమా హాలు ముందు మెట్ల మీద కాపలా వాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకతను లేచి వచ్చాడు.

"ఏ పాపా, ఆగు. ఎవరి బిడ్డవే నువ్వు?"

"నర్సమ్మ బిడ్డను. దారానికి పోతున్న" అన్నాను. తెలియనివాడికి తడబడకుండా జవాబు చెప్పడం నాకు అదే మొదలు.

"నీ ఎనక వస్తున్నదెవరు? మీ ఇంటామెనా?"

అప్పుడు తిరిగి చూశాను. నల్ల బుర్ఖా, ముఖం మీద ముసుగు. నేను తిరగగానే గోడ పక్కకు జరిగింది. ఖాలా సందులో తల మీద కొంగు కప్పుకుని తిరిగేది. బుర్ఖాలో ఆమెను నేనెన్నడూ చూడలేదు.

"తెల్వదు" అన్నాను, గట్టిగా, ఖాలా నేర్పినట్టే.

మెట్ల మీద ఉన్నవాళ్లంతా లేచారు. పరుగెత్తలేదు, నడుచుకుంటూనే పోయి చుట్టూ నిలబడ్డారు.

"ఎవరు నువ్వు? మొకం సూపియ్యి."

బుర్ఖా మనిషి ముసుగును రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"పిల్ల ఎనక ఎందుకు పడ్డవ్? మాట్లాడవేంది?"

"ఆడిదైతే మాట్లాడకపోవునా? మొగోడే రా వీడు!"

వాళ్లలో తెల్లగడ్డం పెద్దాయన ఒకడు చేతులు అడ్డం పెట్టాడు. "ఆగున్రి, ఆగున్రి. అమ్మా, మీరు ఎవరింటోళ్లు? జర పేరు చెప్పు. నేనే ఇంటికి తోలిస్త." బుర్ఖా తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్ళీ ఉర్దూలో అడిగాడు. మళ్ళీ తల ఊపింది. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

కట్టె లేచింది. తగిలిన చప్పుడు మెత్తగా వచ్చింది. ఆమె మోకాళ్ల మీద కూలింది. ఒక చెప్పు ఊడి నా ముందు దాకా వచ్చింది. తెగిన పట్టీ నీలం దారంతో మిషను మీద కుట్టి ఉంది. ఆ కుట్టు వేస్తుండగా పక్కన కూర్చుని చూసిందాన్ని నేనే.

"ఖాలా!"

ఆ గొంతు నాదేనని కాసేపు నాకు తెలియలేదు. "మా ఖాలా! మా ఖాలా! కొట్టకున్రి!" అని అరుస్తూ మనుషుల కాళ్ల మధ్య దూరాను. రెండోసారి లేచిన కట్టె గాలిలో ఆగింది.

ఖాలా ముసుగు తీసింది. ఎడమ చెవి నుంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది. అక్కడ నిలబడ్డవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆమె చేత బట్టలు కుట్టించుకున్నవాళ్లే.

"దర్జీ ఆపా కదా!" అన్నాడు ఒకడు, ఏడుపు గొంతుతో. "నోరు తెరిస్తే అయిపోవు గద ఆపా! పేరు చెప్తే అయిపోవు గద!"

ఆమె తెల్లగడ్డం పెద్దాయనతో మెల్లగా చెప్పింది. నాకు వినపడదనుకుంది. "మాట్లాడితే బిడ్డ గొంతు గుర్తుపడ్తది. ఇన్ని దినాలు ఒక్కతే తిరుగుతున్న అనుకుంటున్నది. ఎనక నేనున్న అని తెలిస్తే రేపటి సంది ఎనకకే చూస్తది."

అమ్మను ఒప్పించింది ఆ మాటతోనే. వెనకే ఉంటానని, నాకు తెలియనివ్వనని. అమ్మ తర్వాత చెప్పింది.

ఖాలాను సినిమా హాలు మెట్ల మీద కూర్చోబెట్టారు. ఎవరో రుమాలు చెవికి అదిమారు. ఆమె నా వైపు చూసింది.

"దారం తెచ్చినవా?"

లేదన్నాను.

"మరి పో."

"నేను తెస్త ఆపా" అన్నాడు కాపలావాళ్లలో ఒకడు.

"పిల్లను బండి మీద తోలుకపోత ఆపా."

"ఎవ్వలు పోవద్దు" అంది. గొంతు పెంచలేదు. "ఎవ్వలు ఎనక పోవద్దు. నేను గూడ పోను. బిడ్డా, నువ్వు పో."

కట్టెలు పట్టుకున్న మనుషులు రెండు పక్కలకూ జరిగారు. వాళ్ల మధ్య నుంచి నడిచాను. ఎవరూ నా ముఖం చూడలేదు. ఈసారి నా వెనక చప్పుడు లేదు. లేదని ప్రతి అడుగుకూ తెలుస్తూనే ఉంది. ఏడుస్తూ దుకాణం దాకా పోయాను, దారం అడిగి తెచ్చాను.

తిరిగి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. ఎవరూ ఇళ్లకు పోలేదు. కట్టెలు గోడకు ఆనించి ఉన్నాయి. ఖాలా దారం తీసుకుని, రంగు చూడకుండానే పిడికిట్లో పెట్టుకుంది. ఇంకో చేతిలో ఎవరో ఇచ్చిన నీళ్ల గ్లాసు ఉంది. ఆమె రోజా ఉపవాసంలో ఉంది. మసీదు నుంచి అజా పిలుపు వినపడితేనే విడవాలి, దానికి ఇంకా కొంచెం పొద్దు మిగిలే ఉంది. ఆ గ్లాసు తెచ్చింది కట్టె ఎత్తినవాడే. ఆమె తాగేదాకా అక్కడి నుంచి కదలలేనివాడిలా, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆమె నిండుగా ఉన్న ఆ గ్లాసును ఒడిలో పట్టుకుని, మసీదు దిక్కు కుడి చెవి పెట్టి కూర్చుంది.