ఉత్తరం పైన వందనములు

"...పేరు రాయకపోతే చాలనుకున్నారు. మరి పైన వందనములు అని ఎవరు రాయమన్నారు మిమ్మల్ని?"

"రాయాలని రాయలేదు సారా. చెయ్యి రాసేసింది."

"చెయ్యి రాసిందంట. ఆ చెయ్యికి పెళ్ళాం బిడ్డలు లేరా?"

తెనాలిలో ఆ అద్దె వాటా గోడ అవతల ఇల్లుగలావిడ దుర్గాంబగారికి ఆ మొగుడూ పెళ్ళాల మాటలు వినపడ్డాయి. పదకొండేళ్ళుగా అక్కడ ఉంటున్న వరప్రసాదం గొంతు ఆమె సరిగా విన్నది ఆ సాయంత్రమే.

అతనికి నలభై ఆరేళ్ళు. పుట్టింది జంపనిలో. తండ్రి జార్జి, అక్కడి లూథరన్ గుడిలో ఉపదేశి. చదువురాని వాళ్ళ ఉత్తరాలన్నీ ఆయనే రాసేవాడు. కొడుక్కి ఊహ తెలిశాక వాడి చేత రాయించేవాడు. కలెక్టరుకి రాసినా, అల్లుడికి రాసినా మొదటి వరుసలో వందనములు ఉండాలి, చివర ఇట్లు అని ఉండాలి. మధ్యలో ఏం రాయాలన్నది చెప్పే మనిషి ఇష్టం.

బీకాం అయ్యాక ప్రసాదం టీవీల షాపులో పనిచేశాడు. వాయిదాల మీద సరుకులు ఇప్పించే కంపెనీ ఒకటి అక్కడే అతని దస్తూరీ, ఓపికా చూసి పనిలోకి తీసుకుంది. పద్నాలుగేళ్ళుగా పొద్దున్నే పాసింజరెక్కి రేపల్లె బ్రాంచికి వెళ్తాడు. ఆఫీసులో ఎక్కువ మాట్లాడడు. వరప్రసాదం అన్న పేరు చూసి అతన్ని మీది ఏ గుడి అని ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు. కస్టమర్లు మాత్రం అతనుంటేనే ధైర్యంగా సంతకం పెట్టేవారు.

ధనమ్మ అలాంటి మనిషే. రేపల్లె స్టేషను బయట ఆమెది ఇడ్లీ బండి. వాయిదాల మీద కొన్న గ్రైండరు బాకీ ఒక్క నెల తప్పకుండా తీర్చింది. బాకీ లేదన్న కాగితం కోసం బ్రాంచికి వచ్చిన రోజున, ఆమె ఫోనుకొచ్చే ఓటీపీ కనుక్కోమని మేనేజరు విష్ణువర్ధన్ చెప్పాడు. కాగితానికే అనుకున్నాడు ప్రసాదం. ఆమె ఫోను అతని చేతికే ఇచ్చేసింది.

"నువ్వే చూసుకో నాయనా. నాకు కనపడి చావదు."

ఆ నంబరుతో ఆమె పేరున కొత్త అప్పు పుట్టింది. డబ్బు మేనేజరు చూపించిన ఖాతాకి పోయింది. ప్రసాదానికి ఆ సంగతి మూడో నెల, వసూలు జాబితాలో ఆమె పేరు చూసినప్పుడు తెలిసింది. అడిగితే, సర్దుదాంలే, నీ పని నువ్వు చూసుకోమన్నాడు విష్ణువర్ధన్. ఈలోగా వసూలు మనుషులు బండి దగ్గర, తినేవాళ్ళ ముందు నిలబడి ఆమెని నానా మాటలూ అన్నారు. గ్రైండరు పట్టుకుపోయారు. ఒకరోజు ప్రసాదం రైలు దిగేసరికి బండి లేదు. చక్రాల కింద పెట్టే నాలుగు ఇటుకలు మాత్రం అక్కడే ఉన్నాయి.

తప్పు కనిపిస్తే రాయండి, మీ పేరు బయటపడదు అని కంపెనీ వాళ్ళే ఆఫీసు గోడకి అంటించారు. ధనమ్మ సంగతంతా ప్రసాదం రెండు పేజీలు రాశాడు. దస్తూరీ మార్చాడు. రేపల్లె ముద్ర పడకుండా తెనాలిలో పోస్టు చేశాడు. చివర ఇట్లు అని రాసి, కింద ఖాళీ వదిలాడు.

విచారణ బాపట్లలో, కంపెనీ పై ఆఫీసులో జరిగింది. బ్రాంచిలో ఆరుగురినీ ఒక్కొక్కరుగా లోపలికి పిలిచారు. ధనమ్మ గురించి ఎవర్నీ అడగలేదు. ఉత్తరం ఎవరు రాశారనే అడిగారు. తెలియదండి అన్నాడు ప్రసాదం. బయటికొచ్చేసరికి వరండాలో విష్ణువర్ధన్ నవ్వుతున్నాడు.

"ఏం ఏసుబాబూ, ఫోనెత్తితే వందనాలనేది మన ఆఫీసులో నువ్వొక్కడివే కదయ్యా?"

ఏసుబాబు కాంట్రాక్టు ఉద్యోగి. ఇద్దరు పిల్లల తండ్రి. తరవాతి వారం నుంచి అతను ఆఫీసులో లేడు.

ఇదంతా జరిగిన రెండు నెలలకి, ఆ సాయంత్రం, తెనాలి ప్లాట్‌ఫారం మీద అతనే ప్రసాదాన్ని పలకరించాడు. దుగ్గిరాల పసుపు యార్డులో బస్తాలు మోసి వస్తున్నాడు. చొక్కా, గోళ్ళు, చెవుల అంచులు అన్నీ పసుపు.

"వందనాలన్నా. రైల్లో ఎవరో అడిగారు, కొత్త పెళ్ళికొడుకువా అని."

ప్రసాదం నవ్వలేకపోయాడు. ఏసుబాబు పక్కనే కూర్చుని పట్టాల వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ ఉత్తరం నాకు చూపించారన్నా. నేను వందనాలంటా. వందనములు అని రాసేవాళ్ళు ఇప్పుడెవరున్నారు?"

ప్రసాదం అడిగాడు. "ఆ మాట వాళ్ళకి చెప్పలేదా?"

"చెప్తే, మరెవరని అడుగుతారు కదన్నా."

అతని బస్సుకి టైమైంది. వెళ్ళిపోయాడు. ప్రసాదం ఇంటికొచ్చి మొదటిసారి అంతా సారాకి చెప్పాడు.

సారా అన్నవాటిలో అబద్ధమేమీ లేదు. కూతురు ప్రియ బాపట్లలో అగ్రికల్చరు రెండో సంవత్సరం. ఈ వయసులో ఇంకో కంపెనీ అతన్ని తీసుకోదు. ఉత్తరం తనదని ఒప్పుకుంటే ఫోను పట్టుకున్న చెయ్యీ తనదేనని తేలుతుంది. కేసంటూ పెడితే మొదటి పేరు అతనిదే. ఏసుబాబుకి ఇంకా వయసుంది, ఏదో ఒకటి చేసుకుంటాడు అంది. ఆ మాట అన్నాక ఏడ్చింది.

తెల్లారి ప్రసాదం ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. రేపల్లె బండి టైము దాటిపోయినా లేవలేదు. సారా క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ బాపట్ల వెళ్తున్నాను," అన్నాడు. "ఇట్లు కింద నా పేరు రాసేస్తాను. ధనమ్మగారి ఫోను చూసింది నేనేనని కూడా రాసిస్తాను."