కారం జల్లెడ

జనగామలో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. చెప్పిన పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంటుకు, దాని చేతికిచ్చిన టూళ్లలో ఏది ఏ పనికో రాసివ్వడం నా పని. మొన్న రైతు వివరాలు చూపే టూలుకూ, వాటిని మార్చే టూలుకూ "రైతు వివరాల కోసం" అనే రాసి ఊరుకున్నాను. ఒక రైతు వివరాలు చూడమంటే ఏజెంటు వాటిని మార్చిపెట్టింది. "దీనికి బుద్ధే లేదు" అని తిట్టాను.

పక్కనే జొన్నపిండి జల్లిస్తున్న అమ్మ నవ్వింది. "చిన్నప్పుడు నువ్వు కారం జల్లెడతోని పిండి జల్లించినవ్. రొట్టె తిన్నోళ్లందరికి నోరు మండింది. ఏ జల్లెడ దేనికో నేను చెప్పనే లేదు, తిట్లు మాత్రం నువ్వే తిన్నవ్. గిప్పుడు నువ్వు దానికి చెప్పినవా బిడ్డా?"

సిగ్గుపడి, రెండు వివరణలూ విడివిడిగా రాశాను. సాయంత్రం వంటింట్లో రెండు జల్లెడలూ పట్టుకుని, "కారంది ఏదమ్మా?" అని అడిగాను.

"గదేందిరా, చూస్తె తెల్వదా!"