బాబాయి చెంపకు నచ్చిన గోడ

మా బాబాయి గోడలను చేత్తో తడిమి చూసే రకం కాదు, చెంప ఆనించి చూసే రకం. బాత్రూం గోడలు మార్పించాలనుకున్న నాటి నుంచి ఆయనకు ఈ పిచ్చి పట్టుకుంది. ఎవరింటికి వెళ్లినా ముందు బాత్రూంలో దూరేవాడు. కళ్లు మూసుకుని, గోడకు చెంప ఆనించి అలాగే ఉండిపోయేవాడు. ఒకసారి వియ్యంకుడు చూసి కంగారుపడ్డాడు.

"ఏంటి బావగారూ, ఒంట్లో బాలేదా?"

"నాకు బానే ఉంది. మీ గోడకే జలుబు చేసినట్టుంది."

నన్ను వెంటబెట్టుకుని టైల్స్ కొట్టుకు వెళ్లినప్పుడూ అదే తంతు.

"చల్లగా ఉందయ్యా," అన్నాడు బాబాయి.

"టైలు చల్లగా ఉండక, పొయ్యి మీద పెట్టి అమ్మమంటారా?" అన్నాడు కొట్టాయన.

"ఇదేమో అంచు గీసుకుంటోంది."

"ఇంతకీ గోడకా సార్, తలకిందకా?"

నాకు తల కొట్టేసినట్టయింది. బాబాయి మాత్రం ఎంతో శ్రద్ధగా, "గోడకే," అన్నాడు.

అప్పుడు పిన్ని ఆపరేషన్ చేయించుకుని, తేరుకోవడానికి వాళ్లక్క ఇంట్లో ఉంది. ఆవిడ వచ్చేలోగా పని పూర్తి కావాలని బాబాయి పంతం. పాత టైల్స్ పగలగొట్టిస్తే, లోపలి గోడ చెమ్మకు ఉబ్బిపోయి గోరు తగిలితే చాలు రాలుతోంది. మేస్త్రీ అదంతా గీకేసి కొత్తగా ప్లాస్టరింగ్ చేశాడు.

"బాగా ఆరాకే నీళ్లు దిగకుండా పూత వెయ్యాలి. తొందరపడ్డారో, కథ మళ్లీ మొదటికొస్తుంది," అన్నాడు.

బాబాయి ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క టేబుల్ ఫ్యాను గోడకు తిప్పిపెట్టి, తను పాత పేపరుతో విసురుకుంటూ గుమ్మంలో కాపలా కూర్చున్నాడు. పొద్దున్నే అలవాటు కొద్దీ రెండు కప్పుల కాఫీ కలిపేవాడు. రెండోది చల్లారేదాకా దానికేసి చూసి, చివరికి అదీ తనే తాగేవాడు.

పిన్ని ఫోన్ చేసేది. "నా కుట్లు ఆరిపోయాయండీ. మీ గోడ ఇంకా ఆరలేదా?"

"ఇదిగో, ఆరుతోంది. రెండు ముద్దలు తింటున్నావా?"

ఫోన్ పెట్టేశాక గోడ మీద విరుచుకుపడేవాడు. "వెధవ గోడ! కడుపు కోయించుకున్న మనిషి లేచి తిరుగుతోంది, నీకేం రోగం?"

చివరికి పూత పడింది. కింద టైల్స్, భుజం ఎత్తు నుంచి పైకి నున్నటి ప్లాస్టిక్ పలకలు పెట్టమన్నాడు.

"చూడ్డానికి అతుకుల బొంతలా ఉంటుంది సార్," అన్నాడు మేస్త్రీ.

"చూడ్డానికి కాదులే," అన్నాడు బాబాయి.

పిన్ని ఇంటికి రాగానే బాత్రూంలోకి వెళ్లి ఎంతకీ రాలేదు. తలుపు తెరిచే ఉంటే నేను తొంగి చూద్దును కదా, పలకకు చెంప ఆనించి నిలబడి ఉంది!

"నీకూ పట్టుకుందా పిన్నీ?" అన్నాను.

"ఈ పిచ్చి నాదేరా. వేణ్నీళ్లు పోసుకుంటే చాన్నాళ్లుగా కళ్లు తిరుగుతున్నాయి. ఈ అగ్గిపెట్టెలో స్టూలు పట్టదు. ఇలా గోడకు ఆనుకుంటే కాసేపటికి సర్దుకుంటుంది. పాత గోడ మంచుగడ్డలా ఉండేది, పైగా గీసుకునేది. ఎవరికీ చెప్పొద్దని మీ బాబాయి చేత ఒట్టు వేయించుకున్నాను."

అందరూ నవ్వుతున్నా ఆయన నోరెందుకు విప్పలేదో అప్పుడర్థమైంది.

ఇంతలో బాబాయి గుమ్మంలోకి వచ్చాడు, పరీక్ష రాసిన పిల్లాడిలా.

"ఎలా ఉందే?"

పిన్ని ఆయన చెంప మీద చెయ్యి వేసింది. "దీనికన్నా నయం. గుచ్చుకోవడం లేదు."

బాబాయి గడ్డం గీసుకునే సామాను వెతుక్కోవడానికి వెళ్లిపోయాడు.