పన్నెండోసారి చూసిన సినిమా

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం తొమ్మిది నలభైకి ఫ్రీమాంట్‌లో రైలెక్కాను. పక్క సీటు అమ్మాయి ఫోన్‌లో నా అభిమాన హీరో సినిమా నడుస్తోంది. కాలేజీ రోజుల్లో పదకొండుసార్లు చూశాను.

"పాతది కదమ్మా, నచ్చుతోందా?" కాస్త భయంగానే అడిగాను.

"కామెడీ సూపర్, ఆంటీ. చూస్తారా?" అంటూ ఒక ఇయర్‌బడ్ ఇచ్చింది.

హాస్యనటుడి పెళ్ళిచూపులకు ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాం. తర్వాత హీరో హీరోయిన్‌ను చెంపమీద కొట్టాడు.

"కొట్టింది అతను కదా ఆంటీ, సారీ తను చెప్తుందేంటి?"

"పదకొండుసార్లూ నేనిక్కడ చప్పట్లు కొట్టానమ్మా."

"చప్పట్లా! సీరియస్‌లీ?" అని పడీపడీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఈలోగా నా స్టేషన్ దాటిపోయింది.

ఆ రోజు పోయినవి: దిగవలసిన స్టేషన్ ఒకటి, యాభై రెండేళ్ళుగా అభిమానించిన హీరో ఒకడు.