రెండు జిల్లాల నడుమ మా మేనత్త

మా మేనత్త మంచిర్యాలలో కన్నుమూసింది. ఈ సమాచారం నాకు అందిన సమయంలో నేను ఒక గూడెంలో జ్వరం వచ్చినవాళ్ల వేలి నుంచి రక్తపు చుక్కలు సేకరించే విధిలో ఉన్నాను. కబురు తెచ్చిన మా ఆరోగ్య కేంద్రం అటెండరు సైకిలు దిగకుండానే, "సార్, మీ అత్త పోయిందట. సెలవు చిట్టి రాసియ్యిన్రి, నేనే తీస్కపోత" అన్నాడు. రాసి ఇచ్చాను. తల్లి, తండ్రి, భార్య, సంతానం అయితే ఆలోచించవచ్చునని, మేనత్త మరణం మాత్రం అత్యవసర కారణం కిందికి రాదని పైనుంచి మౌఖికంగా తెలియజేశారు. నేను సెలవు లేకుండానే వెళ్లాను. దానికి సంజాయిషీ ఇంకా దాఖలు చేయవలసి ఉంది. ఈ వ్యాసాన్నే ఆ సంజాయిషీగా స్వీకరించవలసిందని సంబంధిత అధికారులకు మనవి.

మేనత్త ఏ కారణం కిందికి వస్తుందో నిర్ణయించడం మా జిల్లాల్లో ఏ కార్యాలయానికీ చేతకాలేదు. ఆమె ఉండగా చేతకానిది ఆమె పోయిన తర్వాత చేతనవుతుందని ఆశించడం నా తప్పే.

పాఠకుల సౌకర్యార్థం భూగోళం కొంత వివరించాలి. మా ఊరు గోదావరికి ఇవతలి ఒడ్డున, పెద్దపల్లి తాలూకాలో, అంటే కరీంనగర్ జిల్లాలో ఉంది. అవతలి ఒడ్డున మంచిర్యాల. అది ఆదిలాబాద్ జిల్లా. మా ఊరి బడి ఐదో తరగతితో అయిపోయేది. ఆ పైన చదవదలచిన పిల్లవాణ్ణి అవతలి ఒడ్డున ఉన్న మేనత్త ఇంటికి పంపడం మా వైపు ఇళ్లలో ఎవరూ చర్చకు పెట్టని ఏర్పాటు. దానికి ఎవరి అనుమతీ అవసరమయ్యేది కాదు. బాపు నన్ను తీసుకుపోయి ఆమె గడపలో నిలబెట్టిన రోజు ఆమె బాపుతో అన్న మాట నాకు గుర్తుంది.

"తోలుకొచ్చినవు గద అన్నా, ఇగ పో. మాటిమాటికి వచ్చి పోరడు మంచిగున్నడా అని అడగకు. నాకు కోపమొస్తది."

ఆమె పగలంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. చుడుతూనే నా పాఠాలు వినేది. అక్షరం రాదు గాని, అప్పజెప్పేటప్పుడు నేను తడబడితే ఆమె వేళ్లు కూడా ఆగేవి. మళ్లీ మొదటినుంచి చెప్పేదాకా తునికాకు కదిలేది కాదు. వచ్చినవాళ్లు ఎవరైనా సరే, వచ్చిన పని చెప్పకముందే "తిన్నవా?" అని అడిగేది. తిన్నానంటే ఏం తిన్నావో అడిగేది. ఆమెకు అది మర్యాద కాదు. ఎదుటి మనిషి సంగతి తెలుసుకోవడానికి ఆమెకు తెలిసిన ఒకే పద్ధతి.

మామ బొగ్గు బావిలో పనిచేసేవాడు. నేను అక్కడ చదువుతుండగానే ఒక వానాకాలం ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు సెలవులో ఉన్నారు. డాక్టరు పక్కన పనిచేసే సహాయకుని ఉద్యోగం చాలాకాలంగా ఖాళీ. కాపలావాడు మాత్రం హాజరులో ఉండి మాకు ఎంతో వినయంగా తలుపు తీశాడు. ఆ దవాఖాన మామకు చేయగలిగిన వైద్యం అంతే. దినాలు అయిపోయాక అత్త నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"నువ్వు డాక్టరువు గావాలె అని నేనంటలేను బిడ్డా. డాక్టర్ లేని పూట ఉండేటోడు ఒకడు గావాలె. గది నువ్వు గావాలె."

ఆ 'ఉండేటోణ్ణి' తయారుచేసే శిక్షణ ప్రభుత్వం దగ్గర ఉంది. ఆరోగ్య సహాయకుల శిక్షణ అంటారు. చదువు పూర్తి కాగానే దానికి పెట్టుకున్నాను. సీట్లు జిల్లాల వారీగా, ఆయా జిల్లాల స్థానికులకే. ఇక్కడినుంచి నా చరిత్ర పాలనా విషయంగా మారింది.

కరీంనగర్ కార్యాలయంలోని గుమస్తా నన్ను ఒకే ప్రశ్న అడిగాడు.

"చదివిందేడ?"

"మంచిర్యాలల సార్."

"మరి గీడికెందుకొచ్చినవ్? చదివిన జిల్లనే నీ జిల్ల. అదిలాబాద్ పో."

ఆదిలాబాద్ గుమస్తా కూడా ఒకే ప్రశ్న అడిగాడు.

"మీ బాపుకు భూమి ఏడుంది?"

"పెద్దపల్లి దిక్కు సార్."

"ఇగ నువ్వు మావోనివెట్లయితవ్? నువ్వు వాళ్లోనివి కావని కరీంనగరోళ్లు రాసిస్తె పట్టుకరా. అప్పుడు సూద్దాం."

కరీంనగర్ గుమస్తాకు ఈ కోరిక విన్నవించగా ఆయన నిజంగానే బాధపడ్డాడు. "మావోడని రాసిస్తం గాని, మావోడు కాదని ఎట్ల రాసిస్తమయ్యా? మావోళ్లు కానోళ్లు దేశం నిండ ఉన్నరు. అందరికి రాసుకుంట కూసోవాల్నా?"

ఈ వాదనలో లోపం నాకు అప్పుడు కనిపించలేదు. ఇప్పుడూ కనిపించడం లేదు.

విషయం తెలిసి అత్త స్వయంగా ఆదిలాబాద్ వచ్చింది. వరసలో అందరినీ దాటుకుని బల్ల ముందు నిలబడి, "తిన్నవా తమ్మీ?" అని గుమస్తాను అడిగింది.

"తిన్ననమ్మా."

"ఏం తిన్నవ్?"

"పప్పు."

"వట్టి పప్పేనా? ఇంట్ల ఎవ్వరు లేరా?"

ఆయన భార్య పుట్టింట్లో ఉన్నట్టు, వచ్చే నెలగాని రానట్టు వరసలో ఉన్న వాళ్లందరికీ ఆ విధంగా తెలిసింది. తర్వాత ఆమె అసలు విషయానికి వచ్చింది. "వీడు నా మేనల్లుడు. నాకాడనే పెరిగిండు. సీటియ్యి."

"నీకాడ పెరిగితె నీ అల్లుడైతడు గని, మా లోకల్ గాడమ్మా" అన్నాడాయన, మర్యాదగానే.

ఆ సంవత్సరం వృథా అయింది. బస్సులో తిరిగి వచ్చాము. దిగేముందు అత్త అడిగింది. "నా ఇంట్ల బువ్వ తిన్నందుకేనా బిడ్డా నీకు గీ గోస?" కాదని చెప్పాను. పాలనాపరంగా చూస్తే అవుననే చెప్పవలసి ఉంది.

బాపు మాత్రం పరిష్కారం కనిపెట్టాడు. "గోదావరి నడిమిట్ల ఇసుక మీద గుడిసేద్దాం పా బిడ్డా. గక్కడైతె నువ్వే లోకల్, నువ్వే కలెక్టర్."

మరుసటి ఏడు కరీంనగర్ గుమస్తా మామీద దయ తలచాడు. మంచిర్యాల సంగతి మరిచిపొమ్మన్నాడు. పిల్లవాడు ఊళ్లోనే ఉండి చదువుకున్నాడని, పరీక్ష మాత్రమే అవతల రాశాడని పెద్దమనుషులు చెబితే చాలు. తాలూకా కచేరీ నుంచి గిర్దావర్ వచ్చి విచారణ చేసి వెళతాడు. ఇందులో ఒకే ఒక జాగ్రత్త అవసరం: ఆ రోజు మేనత్త ఊళ్లో ఉండరాదు. ఆమె వ్యతిరేక సాక్ష్యం కనుక.

విచారణ రోజు పొద్దున్నే ఆ సాక్ష్యం నెత్తిన గంప పెట్టుకుని, ఎండిన గోదావరి ఇసుకలో నడుచుకుంటూ వచ్చింది. గంపలో కోడికూర.

"నా పుట్టింటికి ఆఫీసరొస్తుంటె నేను రాకుంటె నలుగురు ఏమంటరు?" అన్నది.

అవ్వ, అంటే మా అమ్మ, ఆమె చేతులు పట్టుకుని బతిమాలింది. "వదినే, నీ కాల్మొక్కుత, నోరిప్పకు."

"నేనెందుకు మాట్లాడుత? వడ్డిస్త, అంతే."

విచారణ నిర్విఘ్నంగా సాగింది. పెద్దమనుషుల్లో ఒకరు, నేను ఊరి పొలిమేర దాటగా తాను ఎన్నడూ చూడలేదన్నారు. ఇంకొకరు, నాకు నీళ్లంటే భయమని, గోదావరి వైపే పోనని చెప్పారు. మూడో ఆయన ఉత్సాహం ఆపుకోలేక, అసలు ఈ ఇంటివాళ్లకు మంచిర్యాలలో బంధువులే లేరని సెలవిచ్చారు. ఆయన ఆ మాట అంటున్న సమయంలో మంచిర్యాల బంధువు ఆయనకు మంచినీళ్ల చెంబు అందిస్తున్నది. గిర్దావర్ అన్నిటికీ తల ఊపాడు. మంచి మనిషి, నిదానస్థుడు. పని ముగించి విస్తరి ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని, గుంజకు ఆనుకుని నిలబడ్డ నన్ను చూశాడు.

"పిలగాడేంది, గింత బక్కగున్నడు? సదువుకునే వయసుల సరిగ తిండి పెట్టలేరా ఎట్ల?"

అత్త చేతిలో గరిటె ఆగింది. అవ్వ వెనకనుంచి కొంగు లాగింది. లాభం లేకపోయింది.

"ఏందీ? తిండి పెట్టలేదా? సారూ, ఐదేండ్లు నా ఇంట్ల పెరిగిండు వీడు! పొద్దుగాల జొన్నరొట్టె, పగటీలికి బువ్వ, మాపటికి మళ్ల బువ్వ! నేను తినకున్న వీనికి పెట్టిన. మంచిర్యాలల మా గల్లీకి పోయి ఎవలనన్న అడుగు! బక్కగుండుడు వీని తప్పు గాదు, నా తప్పు గాదు. మా అన్నను సూడు, గా వంశమే బక్క వంశం!"

పెద్దమనుషులు మువ్వురూ ఇంటి దూలాలను పరిశీలించసాగారు.

"గట్లనా అక్కా" అన్నాడు గిర్దావర్. "ఇంకింత కూర ఎయ్యి."

ఆయన అడిగింది పలకరింపో పరిశోధనో నాకు ఇప్పటికీ తేలలేదు. కడుపునిండా తిని, చేయి కడుక్కుని, అత్తకు ప్రత్యేకంగా పోయొస్తానని చెప్పి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు తిరస్కారం వచ్చింది. అభ్యర్థి మంచిర్యాలలో మేనత్త ఇంట పెరిగి చదివినట్టు విచారణలో రుజువైనందున ఆదిలాబాద్ జిల్లాకు చెందినవాడే గాని ఈ జిల్లావాడు కాడని, అందువల్ల దరఖాస్తు తోసిపుచ్చడమైనదని దాని సారాంశం.

బాపు చెల్లెలితో మాటలు మానేశాడు. మా ఇంట్లో ఆమె పేరు ఎత్తేవాళ్లు కాదు. నా వయసుకు ఇక మిగిలింది మరుసటి ఏడు ఒక్కటే. అది దాటితే ఈ శిక్షణకు నేను పనికిరాను. నేను మంచిర్యాల పోయి ఆమెకు ఆ కాగితం చదివి వినిపించాను. ఆమె చాట పక్కకు పెట్టింది.

"అబద్ధమాడుదామనే వచ్చిన బిడ్డా. ఒట్టు. కని తిండి పెట్టలేదంటె ఎట్ల ఊకుంట?" అని లేచింది. "పా. గా అదిలాబాద్ ఆయనకాడికి పా. ఇయ్యాల గాయన సంగతో, నా సంగతో తేలాలె."

పోయాము. ఆ రోజు ఆమె గుమస్తాను తిన్నావా అని అడగలేదు. నాకు తెలిసి ఆమె జీవితంలో ఒక మనిషిని ఆ మాట అడగకుండా పని మొదలుపెట్టడం అదే. కాగితాన్ని బల్లమీద కొట్టింది.

"సూడు! నీ నౌకరి సల్లగుండ! వాళ్లు మావోడు గాడనిరి, మీరు మీవోడు గాడనిరి. మరి ఎవ్వని కొడుకు వీడు? యాడ పారెయ్యమంటవ్ వీణ్ణి?"

గుమస్తా కాగితం చదివాడు. రెండోసారి చదివాడు. ఆయన ముఖం తీరిక దొరికినవాడి ముఖంలా విచ్చుకుంది.

"బరోబర్! నేనడిగింది గిదే గదమ్మా! వాళ్లోడు గాడని సాఫ్ రాసిచ్చిండ్రు. మొదలే తెస్తె మొదలే అయిపోతుండె. గింత పరేషాన్ ఎందుకు?"

ఈ విధంగా, మా వాదన పూర్తిగా ఓడిపోయిన కారణంగా నేను నెగ్గాను. అబద్ధాన్ని సక్రమంగా చెప్పి ఉంటే కరీంనగర్‌లో ఏమయ్యేదో తెలియదు. నిజాన్ని నేరుగా చెప్పినప్పుడు ఎవరూ తీసుకోలేదు. నేరం మోపినట్టుగా అది మామీద రుజువైతేనే చెల్లింది. ఇందులో ఎవరినైనా తప్పుపట్టాలని చాలా ఏళ్లు ప్రయత్నించాను. గుమస్తాలిద్దరూ నియమం ప్రకారమే నడిచారు. గిర్దావర్ విన్నది రాశాడు. నా రెండేళ్లు మాత్రం లేవు. బయటికి వచ్చాక అత్త, "ఉత్తగనే మా అన్న నన్ను తిట్టె" అన్నది. ఆమె మొత్తం ఫిర్యాదు అంతే.

ఉద్యోగం వచ్చిన తర్వాత నేను చెప్పిన ఒక్క మందూ ఆమె మింగలేదు. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా చేయి పట్టుకుని నా దగ్గరికి లాక్కొచ్చేది. తనకు దగ్గు వస్తే మాత్రం అవతలికి తిరిగి దగ్గేది. ఆ పొగాకు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని, బీడీలు మానెయ్యమని కొన్ని వందలమందికి చెప్పినట్టే ఆమెకూ చెప్పాను.

"నువ్వు డాక్టరువా?" అన్నది.

"కాదత్తా. సహాయకుణ్ణి."

"మరి సహాయం జెయ్యి. గా చాట ఇటియ్యి."

చాట ఇచ్చాను. చివరి చలికాలంలో ఆ దగ్గు ఆమెను పడుకోనివ్వలేదు. పెద్దాసుపత్రికి పోదామంటే, "నిన్ను జేర్చుకోవడానికే గంత జేసిండ్రు, నన్నేడ జేర్చుకుంటరు?" అని నవ్వింది. నేను నవ్వలేదు. నా చేతిలో విద్య ఉంది, సంచిలో మందు ఉంది. తీసుకునేవాళ్లు తీసుకోనప్పుడు ఏం చేయాలో శిక్షణలో చెప్పరు.

ఆమెను తలచుకున్నప్పుడు నాకు ఈ చివరి రోజులు ముందుగా రావు. శిక్షణలో చేరిన రోజు వస్తుంది.

ఆదిలాబాద్ చలిలో తెల్లవారే దిగాము. గేటు దగ్గర కాపలావాడు ఆమెను ఆపాడు. లోపలికి అభ్యర్థులకే ప్రవేశం.

"అత్తా, ఇగ పో. బస్సు పోతది" అన్నాను.

"పోనియ్యి, ఇంకోటొస్తది. నువ్వు లోపటికి నడువు. పొద్దుగాల తీస్కొని పగటీలికి పొమ్మంటె? గీళ్లను నమ్మొద్దు."

రోడ్డు అవతల మురుగు కాలువ గట్టు మీద కూర్చుంది. మొదటి రోజు మాకు నాడి చూడటం నేర్పారు. ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని, గడియారం ముల్లు వైపు చూడాలి. నా బెంచీ పక్కనే కిటికీ. మధ్యాహ్నం దాటింది, ఎండ గట్టు మీదికి వచ్చింది. ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుని, గేటునే చూస్తూ ఉంది. లోపలినుంచి ఎవరైనా బయటికి రాగానే లేచి నిలబడేది. చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసి, నేను కాదని తేల్చుకుని మళ్లీ కూర్చునేది.