సుశీలమ్మ గారి పసుపు కిల్ట్

సుశీలమ్మ గారు ఇక లేరని ఆమె స్నేహితురాలు నోరా ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు మీటింగులో కూర్చుని, అర్థం కాని విషయానికి తల ఊపుతున్నాను. ఆ మాట విన్నాక కూడా అలాగే ఊపుతూ ఉండిపోయాను. ఆ శిరఃకంపానికి కారణం మారిందని చుట్టూ ఉన్న ఎవరికీ తెలియలేదు. బర్మింగ్‌హామ్‌లో ఒక హాస్పిటల్ కుట్టుగదిలో ఇరవై ఏళ్లకు పైగా రోగుల గౌన్లు కుట్టి రిటైరైన అవ్వారు సుశీలమ్మ గారు, డెబ్బై రెండేళ్ల వయసులో, కుర్చీలో కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తూ కన్నుమూశారు. దారం ఎక్కిందనీ, ముడి మాత్రం పడలేదనీ నోరా చెప్పింది.

పోయినవాళ్లను గురించి మంచే చెప్పాలంటారు. ఆమెను గురించి మంచే చెబుతాను, వేరే చెప్పాలన్నా నాకు దొరకదు. బతికున్నవాళ్ల విషయంలో అలాంటి నియమమేదీ లేదు గనక ఈ వ్యాసంలోకి ఒక పెద్దమనిషి కూడా వస్తాడు. ఆయన పేరు మాత్రం రాయను. ఆమె పేరు ఆయన రాయలేదు. చెల్లుకు చెల్లు.

ఆమెది చీరాల. అద్దకం వృత్తిగా ఉన్న ఇంట పుట్టి, రంగు తొట్ల పక్కన నడక నేర్చిన మనిషి. నోరాది ఐర్లండులోని కార్క్. అదే హాస్పిటల్లో లాండ్రీ చూసేది. ఒకరోజు టీ వేళ నోరా తన తండ్రి ఫొటో చూపించింది. సన్నాయి వంటి బ్యాగ్‌పైపు, మోకాళ్ల దాకా కుచ్చిళ్ల పావడా లాంటి కుంకుమపువ్వు రంగు కిల్ట్. "వేల ఏళ్ల నాటి మా దుస్తులు" అంది గర్వంగా. అద్దకపు బిడ్డ కదా, సుశీలమ్మ గారు ముందు రంగు చూశారు, తర్వాత కుచ్చిళ్లు లెక్కపెట్టారు, ఆఖరున ముఖం చూశారు. "మీ నాన్నగారు బాగున్నారు. వేల ఏళ్లని ఎవరు చెప్పారు?"

ఆ ప్రశ్నతో తొమ్మిదేళ్ల తపస్సు మొదలైంది. ప్రతి శనివారం ఇద్దరూ సిటీ లైబ్రరీలో కూర్చునేవారు. నోరా ఇంగ్లీషు పుస్తకాలు పైకి చదివేది. విని, సందేహం తీరే దాకా అడిగి, సుశీలమ్మ గారు పొడుగాటి నోటు పుస్తకంలో తెలుగులో రాసుకునేవారు. చదివిన ప్రతి గుడ్డనూ, ప్రతి రంగునూ ఇంట్లో చేసి చూసి, ముక్క కత్తిరించి ఆ పేజీకే గుండుసూదితో గుచ్చేవారు. "చేత్తో చెయ్యనిది చదివినట్టు కాదు నాయనా" అనేవారు. ఆ లెక్కన నేను ఇంతవరకూ నిరక్షరాస్యుణ్ణే.

వారు తేల్చిన సత్యం ఇది. ప్రాచీన ఐరిష్ జనం కిల్ట్ కట్టలేదు. 'లీనె' అనే పొడవాటి నార అంగీ తొడిగి, పైన 'బ్రాత్' అనే ఉన్ని దుప్పటి కప్పుకునేవారు. ఆ అంగీకి కుంకుమపువ్వు రంగంటే ఎంత ప్రీతి అంటే, దాన్ని అణచడానికి ఇంగ్లీషు రాజు శాసనమే చెయ్యవలసి వచ్చింది. గళ్ల కిల్ట్ స్కాట్లండ్ కొండసీమలది. సుమారు వందేళ్ల కిందట, దొరల ప్యాంటు కాదనుకున్న ఐరిష్ దేశభక్తులు దాన్ని తెచ్చుకుని, గళ్లు తీసేసి, పోగొట్టుకున్న అంగీ రంగును దానికి పట్టించారు.

ఇది విని నోరా రెండు వారాలు మాట్లాడలేదు. మూడో వారం సుశీలమ్మ గారే పులిహోర డబ్బా పట్టుకుని లాండ్రీకి వెళ్లారు. "మా అమ్మ పెళ్లిచీరకి జరీ సూరత్ నుంచి వచ్చింది నోరా. అంతమాత్రాన అది మా అమ్మ చీర కాకుండా పోయిందా? పాతది కాకపోతే సొంతం కాదని ఎవరన్నారు? మీ నాన్న కట్టాడు, మీదైంది." నోరా ఏడ్చి, పులిహోర తిని, కారానికి మళ్లీ ఏడ్చింది.

ఇక నా పాపం. ఆ నోటు పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మార్చింది ఆమె పక్కింట్లో ఉండే నేను. నా ఇంగ్లీషు ఎలాంటిదంటే, నా ఈమెయిలు అందుకున్నవాళ్లు సంగతేమిటో కనుక్కుందామని ఫోన్ చేస్తారు. స్థానిక చరిత్ర మీద ఉపన్యాసాలిచ్చే ఆ పెద్దమనిషి లైబ్రరీలో పరిచయమై, "భాష నేను సరిచేస్తాను, అచ్చు నేను చూసుకుంటాను" అంటే పొంగిపోయి ఫైలు పంపించాను. మొదటి పేజీలో ఆమె పేరు పెట్టబోతే, "పేరుదేముంది, ఆఖర్న రాద్దువులే" అన్నారామె. ఆఖర్న నేను మరిచాను. పుస్తకం వచ్చింది. జ్ఞానం ఆమెది, తప్పులు నావి, పేరు ఆయనది. సరిచేస్తానన్న భాషలో నా తప్పులు యథాతథంగా ఉండటం చూసి, ఆయన చదవలేదని కూడా అర్థమైంది.

నేను లాయరు దగ్గరికి వెళదామన్నాను. "వద్దు నాయనా. ఊరుకో" అన్నారు. పేరుకు తగ్గ సుశీల అనుకున్నాను. పగ పట్టడంలో కూడా ఆమెకు పనితనం ఉందని అప్పటికి తెలియదు.

మరుసటి ఏడాది ఐరిష్ వాళ్ల సెయింట్ పాట్రిక్ పండుగ ఊరేగింపుకి ముందు నడిచే గౌరవం ఆయనకు దక్కింది. సిగ్గు లేకుండా ఆమెకే ఫోన్ చేసి, కుంకుమపువ్వు రంగు కిల్ట్ ఒకటి కావాలి, అంతా తన పుస్తకంలో ఉన్నట్టే చెయ్యాలి అన్నాడు. "అలాగే. పుస్తకంలో ఉన్నట్టే చేస్తాను" అన్నారామె. తెల్ల ఉన్ని తెచ్చి, నెల రోజులు కూర్చుని, పసుపుతో అద్ది, కుచ్చిళ్లు దివ్యంగా కుట్టి ఇచ్చారు. నాకు కోపం ఆగలేదు.

"ఆ దొంగకి మీరెందుకు కుట్టాలి ఆంటీ?"

"చదువుకున్నవాడు కదా నాయనా, చూద్దాం."

ఊరేగింపు ఉదయం ఆయన రానే వచ్చాడు. అంతకుముందు విందులో కిల్ట్ మీద గ్రేవీ ఒలికిందట. సబ్బు బాగా రుద్ది, సరిగ్గా జాడించకుండా ఆరేశాడట. పసుపు గుడ్డకు సబ్బు తగిలితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ముందు భాగమంతా ఎర్రెర్రటి మచ్చలు. కుంకుమపువ్వు రంగన్నారు, పువ్వు రాలిపోయి కుంకుమ మిగిలింది. ఒకప్పుడు ఐర్లండును తొక్కిన ఇంగ్లీషు సైనికుల కోటు రంగు ఎరుపే కావడంతో, జనంలోంచి ఒక ముసలాయన అరిచాడు. "ఏ రెజిమెంటండీ సార్ తమరిది?"

ఆయన నేరుగా సుశీలమ్మ గారి మీదికి వచ్చాడు. "ఏం రంగు వేశావు దీనికి?"

"పసుపండీ. సబ్బు పెట్టారా?"

"మరక పడితే సబ్బు పెట్టక ఏం చేస్తారు?"

"పంతొమ్మిదో పేజీ" అన్నారామె.

నోరా హ్యాండ్‌బ్యాగులోంచి పుస్తకం తీసి, లైబ్రరీలో చదివే గొంతుతోనే, కాస్త పెంచి, చదివింది. పసుపు అద్దిన ఉన్నికి సబ్బు చూపించరాదు, పారాణి అవుతుంది. ఆ చివరి మాటకు ఇంగ్లీషు తెలియక నేను పారాణిని పారాణిగానే వదిలేశాను. ఆయనా అలాగే అచ్చేశాడు. సుశీలమ్మ గారు చేతులు కట్టుకుని, బడిపిల్లలా వినయంగా అడిగారు. "పారాణి అంటే ఏమిటి సార్?"

బ్యాండు కూడా ఆగి వింది. ఆయన ముఖమే పారాణి అంటే ఏమిటో చక్కగా వివరించింది.

కానీ నవ్వుకు ఆయుష్షు తక్కువ. జనం ఇళ్లకు వెళ్లారు, పుస్తకం రెండో ముద్రణకు వెళ్లింది. అందులోనూ ఆమె పేరు లేదు. పారాణి మాత్రం తీసేశాడు. ఆమె ఇక ఆ సంగతి ఎత్తలేదు. ఒక్కసారి, వంటింట్లో, నా వైపు తిరగకుండానే అన్నారు. "ఒక్కచోట ఉంటే బాగుండేది నాయనా. పేరు." ఆ మాట నన్నింకా కుడుతూనే ఉంది.

అంత్యక్రియలకు ఆయన పూలు పంపాడు. స్థానిక పత్రికలో నివాళి కూడా రాశాడు. తన పరిశోధనకు సూదీ దారం అందించిన స్నేహశీలి అట. నోరా ఆ కాగితం మడిచి, "ఆయన కోసం చర్చిలో ప్రార్థన చేశాను" అంది. ఏమని అడిగాను. "అది నాకూ దేవుడికీ మధ్య" అంది. ఆ దేవుడు నోరా మాట వినాలని నా దేవుళ్లందరికీ నేనూ మొక్కుకున్నాను.

అమ్మా సుశీలమ్మ గారూ, రెండు జాతుల బట్టలను ఒకే వేలితో తడిమి, వాటి ఆత్మ చెప్పగలిగిన మనిషి ఈ దేశంలో మళ్లీ పుట్టదు. మీ నోటు పుస్తకం నోరా దగ్గర భద్రంగా ఉంది. అది మీ పేరుతో అచ్చయ్యే దాకా ఈ పగ నాకు శ్వాస. క్షమించడం గొప్పదంటారు. నేను గొప్పవాణ్ణి కాను.

లైబ్రరీ పుస్తకాల మీద రాయడం నేరమని తెలుసు. నిన్న వెళ్లాను. ఆయన పుస్తకానివి అక్కడ మూడు ప్రతులున్నాయి. మూడింటి మీదా, ఆయన పేరును ఒక్క గీతతో కొట్టేసి, చెరగని సిరాతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో అవ్వారు సుశీలమ్మ అని రాసి వచ్చాను. ఏం రాసి ఉందో చదివించుకోవాలంటే, ఆయన మళ్లీ మనలో ఒకరి గుమ్మం ఎక్కవలసిందే.